బేబి వదిన మందార టీ

ఆత్రేయపురం దగ్గర నుంచి,
20 ఆగస్టు 2024

ప్రియమైన ఆశాజ్యోతికి,

నీ వదిన బేబి దీవెనలతో రాస్తున్నది. నేనూ మీ అన్నయ్యగారూ క్షేమం. మీరిద్దరూ అలాగే ఉన్నారని తలుస్తాను.

ఈ రోజుల్లో మరదలికి ఉత్తరం ఏంటి అని మీ ఆయన, మా తమ్ముడు ఐజాక్ నవ్వుతాడు. నవ్వనివ్వు. మొన్న మన ఫోను సంభాషణ ఎలా సాగిందో నీకు తెలుసు. నువ్వన్నది నాకు వినపడక, మీ అన్నయ్యగారు మధ్యలో కూర్చుని నీ మాట నా చెవిలో అరిచి, నా మాట నీకు చేరవేసి, చివరికి ఆయన గొంతు పోయింది. ఆడవాళ్ళ సంగతులు ఆయన నోట చెప్పించడం నాకు బాగోలేదు. వాట్సాప్ అంటావా, ఆ ఫోను ఆయన జేబులోనే ఉంటుంది. మిషన్ బడిలో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని, ఉత్తరం రాయడానికి నాకెవరి సాయమూ అక్కర్లేదు.

వేసవిలో వచ్చినప్పుడు జుట్టు ఊడుతోందనీ నెలసరి ఒక వరసలో రావడం లేదనీ అన్నావు గదా. మా వీధి జాషువా ఐసు లారీ మీద భీమవరం వస్తుంటే అతని చేత ఒక పొట్లం పంపాను. అవి మన కాలవ గట్టు కంచె మీద పూసే రేకు మందారాలు. ముద్ద మందారం చూడ్డానికే బాగుంటుంది, దీనికి పనికిరాదు. మంచు ఆరాక, ఎండ ముదరకముందే కోసి, అడుగున ఉన్న ఆకుపచ్చ తొడిమా మధ్యలో పుప్పొడి కాడా తీసేసి, రేకులు మాత్రం పాత నేత చీర మీద పరిచి నీడలో ఆరబెట్టాను. ఎండలో పెడితే రంగు చచ్చిపోతుంది. నర్సరీ మొక్కల పువ్వులు మాత్రం ఎవరిచ్చినా పుచ్చుకోకు. వాటి మీద ఏ మందు కొట్టారో మనకి తెలీదు.

గ్లాసుడు నీళ్ళు తెర్ల కాగనిచ్చి పొయ్యి ఆపెయ్యి. అప్పుడు చిన్న గుప్పెడు రేకులు వేసి మూత పెట్టు. కాసేపటికి రేకులు వెలిసిపోయి నీళ్ళు వంకాయ రంగుకి వస్తాయి. వడకట్టి నిమ్మచెక్క పిండితే కళ్ళముందే ఎర్రగా మారిపోతుంది. తీపికి తేనె వేసుకో. ఇనప గిన్నె వాడకు, నల్లబడుతుంది.

నేను రోజూ తాగుతున్నాను, బీపీ దిగింది. అందుకే మన చర్చి స్త్రీల సమాజం తరఫున కోత పండుగకి ప్యాకెట్లు కట్టి అమ్మాలని తీర్మానించాం. తీర్మానించాం అంటే నేను చెప్పాను, అధ్యక్షురాలు తబిత సరేనంది.

తాగి ఎలా ఉందో రాయి. ప్రభువు మీకు తోడై ఉండుగాక.

నీ వదిన,
బేబి

భీమవరం,
25 సెప్టెంబరు 2024

వదినగారికి ఆశ వందనాలు.

ఆలస్యమైనందుకు క్షమించండి. ఉత్తరం రాసి చాలా ఏళ్ళయింది. మొదటి కాగితం అంతా కొట్టివేతలే, ఇది రెండోది.

టీ రోజూ పొద్దునా సాయంత్రం తాగుతున్నాను. నిమ్మకాయ పిండి రంగు మారేది చూడటం కోసమే సగం తాగుతున్నానేమో. దువ్వెనకి వచ్చే జుట్టు తగ్గిందనిపిస్తోంది. మీ తమ్ముడు ఒక్క గుక్క తాగి, "రంగు సిరా, రుచి వేన్నీళ్ళు" అని గ్లాసు నా చేతికిచ్చేశారు. ఆయన ఫీడ్ కంపెనీలో రోజంతా రొయ్యల మేత వాసన చూసే మనిషి, ఆయన మాట పట్టించుకోకండి.

ఒక సంగతి చెప్తే మీకు కోపం రాకూడదు. మా కాలేజీ ఆఫీసులో నా పక్క సీటు ప్రిస్కిల్లాగారు సూపర్ మార్కెట్లో కొన్న మందార టీ తెచ్చారు. దాని మీద ఇంగ్లీషులో హైబిస్కస్ అనే ఉంది. అది చింతపండు రసమంత పుల్లగా ఉంది, నిమ్మ పిండకుండానే ఎర్రగా ఉంది. మీ రేకులు పక్కన పెట్టి చూసి, "మీ వదినగారిది అసలుదేనంటారా అండీ?" అన్నారు. అసలుదే అన్నాను గానీ ఎందుకు పుల్లగా లేదో చెప్పలేకపోయాను. ఆఫీసులో అందరూ అడుగుతున్నారు.

అన్నయ్యగారికి వందనాలు. ఆయన గొంతు బాగైందా?

మీ
ఆశ

ఆత్రేయపురం దగ్గర నుంచి,
6 అక్టోబరు 2024

ఆశకి దీవెనలు.

కోపం రాలేదు. వచ్చింది గానీ అన్నం తిన్నాక పోయింది. ఆ ప్రిస్కిల్లాగారికి నా వందనాలు చెప్పి ఈ ఉత్తరం చదివి వినిపించు.

ఆవిడ కొన్నది మందారం కాదు, గోంగూర. నవ్వకు. ఎర్ర గోంగూర మొక్కకి పువ్వు రాలిపోయాక కాయ చుట్టూ ఎర్రగా, దళసరిగా దొప్పలు మిగులుతాయి చూడు, మా అమ్మ వాటితో పచ్చడి నూరేది. ఆ దొప్పలే ఎండబెట్టి అందమైన ప్యాకెట్లో పోసి అమ్ముతున్నారు. గోంగూరా మందారమూ ఒక కుటుంబంలోవే కాబట్టి ఇంగ్లీషు వాడు రెంటికీ హైబిస్కస్ అనే అంటాడు. అది పుల్లన, ఇది చప్పన. అదీ మంచిదే, ఇదీ మంచిదే. అసలూ నకిలీ అనే గొడవే లేదు.

మందారం ఇవాళ కొత్తగా వచ్చింది కాదు. మా అమ్మమ్మ ఆకు నలిపి ఆ జిగురుతోనే మాకు తలంటేది. షాంపూ మొహం నేను ట్రైనింగు కాలేజీకి వెళ్ళాకే చూశాను. పువ్వుల్ని కొబ్బరి నూనెలో కాచి సీసాల్లో పోసేది. నెల నిలిచిపోయిన ఆడవాళ్ళు వస్తే రేకుల కషాయం ఇచ్చేది. కడుపుతో ఉన్నవాళ్ళకి మాత్రం మందారం ఏ రూపంలోనూ లోపలికి ఇచ్చేది కాదు. నీకు ఆ పేచీ లేదు కాబట్టి నిశ్చింతగా తాగు.

మళ్ళీ జాషువా చేత పెద్ద పొట్లం పంపుతున్నాను. ఆఫీసులో అందరికీ ఇవ్వు. కోత పండుగ నవంబరు ఆఖరి వారం. మొదటి ప్యాకెట్టు నీ చేత ఇప్పించాలని తబితకి చెప్పేశాను.

బేబి

భీమవరం,
16 అక్టోబరు 2024

వదినగారికి,

వందనాలు. ఉత్తరం అందింది. టీ మానేశాను. ఇక రేకులు పంపకండి. రెండో పొట్లం విప్పలేదు, జాషువా చేతే తిరిగి పంపించాను. ఆఫీసులో పని ఎక్కువగా ఉండి ఎక్కువ రాయలేకపోతున్నాను. కోత పండుగకి రావడం కుదరదు. ఏమీ అనుకోకండి.

ఆశ

ఆత్రేయపురం దగ్గర నుంచి,
2 నవంబరు 2024

ఆశకి,

పొట్లం చేరింది. కట్టిన తాడు కూడా విప్పలేదు. జాషువా దాన్ని నా చేతిలో పెట్టి నా మొహం చూడకుండా వెళ్ళిపోయాడు.

ఏమీ అనుకోవద్దన్నావు. అనుకున్నాను. ఆఫీసు వాళ్ళ ముందు నీకు చిన్నతనమైందేమోనని మొదట అనుకున్నాను. రంగు ప్యాకెట్టులో ఉన్నదే గొప్పని నీకూ అనిపించిందేమో అనుకున్నాను. మీ అన్నయ్యగారు మాత్రం, "నువ్వు అందరికీ అన్నీ తాగించాలని చూస్తావు, ఆ అమ్మాయికి ఇష్టం లేదేమో" అన్నారు. అదే నిజమైతే చెప్పు. నచ్చలేదంటే నేనేమీ కుంగిపోను. ఎందుకో చెప్పకుండా తిప్పి పంపడమే నాకు నచ్చలేదు.

కోత పండుగకి నువ్వు రాకపోయినా ప్యాకెట్లు అమ్ముడవుతాయి. ఆత్రేయపురంలో పూతరేకుల కొట్టు బంగార్రాజు కూడా పెడతానన్నాడు. ఇంతే సంగతులు.

బేబి

ఆత్రేయపురం దగ్గర నుంచి,
27 నవంబరు 2024

అమ్మా ఆశా,

ఈ ఉత్తరం తణుకులో మీ అమ్మగారింటికి రాస్తున్నాను. పోయిన ఉత్తరంలో కటువుగా రాశాను, అది పక్కన పెట్టు.

ఆదివారం కోత పండుగకి ఐజాక్ ఒక్కడే వచ్చాడు. వేలంలో కొబ్బరి గెల పాడుకున్నాడు, అందరితో నవ్వాడు, నా దగ్గరికొచ్చేసరికి మొహం తిప్పుకున్నాడు. ఆశ ఏదిరా అంటే ఏదో గొణిగాడు. మైకు మోతలో నాకేం వినపడుతుంది? మళ్ళీ అడిగితే చేత్తో తణుకు వైపు చూపించి, "వాళ్ళమ్మ దగ్గరుంది, కొన్నాళ్ళుంటుంది" అని నా చెవిలో అరిచాడు. ఎందుకని అడిగేలోపే కొబ్బరి గెల భుజానికెత్తుకుని వెళ్ళిపోయాడు.

నాకు అర్థమైంది. మీ ఇద్దరి మధ్యా ఏదో గొడవ వచ్చింది. నువ్వు నా మీద కోపంతో పొట్లం తిప్పి పంపలేదు, ఈ ఇంటి వాళ్ళందరి మీదా మనసు విరిగి పంపావు. చూడమ్మా, వాడు నా తమ్ముడు. నా చంకనెక్కి పెరిగాడు. అయినా తప్పు వాడిదైతే నేను నీ వైపే. పెళ్ళయి తొమ్మిదేళ్ళయినా పిల్లల్లేరని ఎవరైనా ఏదైనా అన్నారా? వాడే అన్నాడా? అన్నాడని ఒక్క మాట రాయి, వాణ్ణి చెవి పట్టుకుని తణుకు తీసుకొస్తాను.

నువ్వు ఉత్తరం రాయకపోయినా వచ్చేస్తాను, ఆ సంగతి కూడా తెలుసుకో.

నీ వదిన,
బేబి

తణుకు,
6 డిసెంబరు 2024

వదినగారికి ఆశ వందనాలు.

మీ ఉత్తరం చదివి ముందు నవ్వు వచ్చింది, తర్వాత ఏడుపు వచ్చింది. మీ తమ్ముడి చెవి జోలికి వెళ్ళకండి. ఆయన నన్నేమీ అనలేదు. నేనే ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను.

నాకు నాలుగో నెల.

మీ అక్టోబరు ఉత్తరం వచ్చిన రోజు పొద్దున్నే ఇంట్లో పరీక్ష చేసుకున్నాను. రెండు గీతలు వచ్చాయి. ఆయన ఇంకా డ్యూటీ నుంచి రాలేదు. ఆ సంతోషంతో మీ ఉత్తరం విప్పాను. కడుపుతో ఉన్నవాళ్ళకి మందారం లోపలికి ఇవ్వరని ఉంది. ఆ పక్క వాక్యమే, నీకు ఆ పేచీ లేదు అని. అప్పటికే ఆ పూట టీ తాగేసి, ఖాళీ గ్లాసు ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను.

రెండేళ్ళ కిందట మూడో నెలలో పోయిన బిడ్డ గుర్తొచ్చింది. వెంటనే ఆసుపత్రికి వెళ్ళి డాక్టరమ్మకి అంతా చెప్పాను. మానెయ్యమన్నారు. నవంబరు మొదట్లో కొంచెం రక్తం కనపడింది. స్కానింగులో గుండె కొట్టుకుంటోంది గానీ విశ్రాంతిగా పడుకోవాలన్నారు, అందుకే అమ్మ దగ్గరికి వచ్చాను. ఆ టీ వల్లేనా అని అడిగాను. "దీనివల్లేనని నేను చెప్పలేనమ్మా, కాదని కూడా చెప్పలేను. మానేశారు కదా, ఇంక దాన్ని తలుచుకుంటూ కూర్చోకండి" అన్నారు.

వదినా, నేను మీకు రాయకపోవడానికి కారణం కోపం కాదు. ఈ బిడ్డ కూడా నిలవకపోతే అందరూ ఆ పొట్లం గురించే మాట్లాడతారు. మీ తమ్ముడు పైకి అనకపోయినా మనసులో పెట్టుకుంటారు. మిమ్మల్ని ఇక జన్మలో ఆయన అక్కా అని పిలవగలరో లేదో. అందుకే టీ సంగతి ఆయనకి ఇవాళ్టికీ చెప్పలేదు. రంగు చూశారు గానీ దాని గుణం ఆయనకి తెలీదు. మీకు తెలిస్తే మీరే ఆయనకి చెప్పేస్తారు, మీ స్వభావం నాకు తెలుసు. ముందు బిడ్డ నిలబడనీ, తర్వాత చెప్దామనుకున్నాను.

అమ్మకి మాత్రం తెలిసిపోయింది. నా సంచిలో మిగిలిన రేకులు చూసి అడిగింది. అబద్ధం చెప్పలేకపోయాను. చాలా కోపంగా ఉంది.

ఇప్పుడు రక్తం ఆగింది. రోజూ ప్రార్థన చేయండి.

మీ
ఆశ

ఆత్రేయపురం దగ్గర నుంచి,
20 డిసెంబరు 2024

నా తల్లీ ఆశా,

నీ ఉత్తరం చదివి, లేచి మొహం కడుక్కుని, మీ అన్నయ్యగారికి ఇచ్చాను. ఆయన చదివి, "ఇప్పుడేం చేస్తావు?" అన్నారు. చేయాల్సినవి చేశాను. అవి చెప్తాను.

ముందు ఆత్రేయపురం వెళ్ళి బంగార్రాజు కొట్టులో ఉన్న ప్యాకెట్లన్నీ దించమన్నాను. "పువ్వుల టీయే కదండీ, ఇదేమన్నా మందా" అన్నాడు. "బీపీ దిగుతుందనీ నెలసరి సరిగ్గా వస్తుందనీ చెప్పి అమ్మినప్పుడు మందే బంగార్రాజూ. మందైతే ఎవరు తాగకూడదో కూడా చెప్పాలి" అన్నాను. ఆటోలో వేసుకుని వచ్చేశాను. ఎవరు తాగకూడదో రాసిన చీటీ అతికించాకే మళ్ళీ పెడతాను.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారి అనుమతి తీసుకుని నిలబడ్డాను. నీ పేరు చెప్పలేదు. కడుపుతో ఉన్నవాళ్ళూ, పిల్లల కోసం చూస్తున్నవాళ్ళూ ఈ టీ తాగొద్దని, బీపీకీ షుగరుకీ మాత్రలు వేసుకునేవాళ్ళు డాక్టరుని అడిగి తాగాలని, ఇది అమ్మేముందే చెప్పాల్సిందని చెప్పాను. తబిత కొంచెం చిన్నబుచ్చుకుంది. చిట్టియ్యగారి కోడలికి రెండో నెలని వెనక వరసలోంచి ఎవరో అన్నారు. ఆ మధ్యాహ్నమే వాళ్ళింటికి వెళ్ళాను. ప్యాకెట్టు ఇంకా విప్పలేదు. దాన్ని వెనక్కి తీసుకుని, డబ్బులిచ్చి వచ్చాను.

నా సంగతి కూడా విను. ఈ మధ్య లేచినప్పుడల్లా కళ్ళు తిరుగుతుంటే ఎండ అనుకున్నాను. డిసెంబరులో ఎండేమిటి? డాక్టరమ్మ చూసి, మాత్రా టీ రెండూ కలిసి బీపీ మరీ దించేస్తున్నాయన్నారు. మాత్ర మానొద్దు, టీయే తగ్గించమన్నారు. తగ్గించాను. ఇంతకాలం బడిలో పిల్లలకి పాఠం సగం చదివి పరీక్షకి వెళ్ళొద్దని చెప్పినదాన్ని నేను.

ఇక అసలు మాట. నీకు ఆ పేచీ లేదు అని రాశాను. రాసేటప్పుడు అది మాటే అనుకున్నాను. అది నీకు ఎక్కడ తగిలిందో ఇప్పుడు తెలిసింది. ఆ మాటకి నన్ను క్షమించు. ఆ తర్వాత కూడా నువ్వు నన్ను కాపాడాలని చూశావు. పడుకుని ఉండాల్సిన మనిషివి నా మర్యాద మోస్తూ కూర్చున్నావు. ఇక ఆ బరువు దించు. ఐజాక్‌కి నేను చెప్పను, నువ్వే చెప్పు. వాడు నన్ను అక్కా అని పిలుస్తాడా లేదా అన్నది వాడూ నేనూ చూసుకుంటాం.

సోమవారం తణుకు వచ్చాను. నువ్వు నిద్రపోతున్నావని మీ అమ్మగారు చెప్పారు. వరండాలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. లోపలికి రమ్మనలేదు. నిద్రలో ఉన్నదాన్ని లేపడం ఇష్టం లేక తిరుగు బస్సెక్కాను. పెరట్లో సపోటాలు తెచ్చాను, అవి తిన్నావా?

బేబి

తణుకు,
3 జనవరి 2025

వదినా,

మీరు వచ్చినట్టు నాకు ఎవరూ చెప్పలేదు. నేను నిద్రపోలేదు. కిటికీ పక్కన పడుకుని పుస్తకం చదువుకుంటున్నాను. సపోటాలు తిన్నాను, బజారువనుకుని తిన్నాను. మీ ఉత్తరం చదివాక అమ్మని అడిగితే, "ఆ ఇంటి నుంచి ఏ పొట్లమూ నీ దగ్గరికి రానివ్వనని అనుకున్నాను. సపోటాలు కడిగి పెట్టాను, అదే ఎక్కువ" అంది. నేను గట్టిగా అరిచాను. అమ్మ కూడా అరిచింది. ఆ రోజు ఇద్దరం అన్నం తినలేదు.

ఆయనకి చెప్పాను. శనివారం వచ్చినప్పుడు మంచం మీద కూర్చోబెట్టి మొదటి నుంచీ చెప్పాను. ఆయన లేచి నా కాళ్ళ మీది దుప్పటి సర్దారు. అప్పుడు, "అక్కకి తెలిసుంటే నీ చేతిలో గ్లాసు లాగి పారబోసేది. తెలియక ఇచ్చింది. దానికి రెండు నెలలు నువ్వొక్కదానివే భయపడ్డావా?" అన్నారు. అంతే అన్నారు. తర్వాత వరండాలోకి వెళ్ళి అమ్మతో ఏదో మాట్లాడారు. అమ్మ ఇంకా మెత్తబడలేదు.

డాక్టరమ్మ ఇప్పుడు ఇంట్లో నడవొచ్చన్నారు. ప్యాకెట్ల మీద చీటీ అతికించాలని మీరు రాశారు కదా, దాని మాటలు నేను రాశాను. ప్రిస్కిల్లాగారు కంప్యూటర్లో టైపు చేసి పెద్ద అక్షరాలతో ప్రింటు తీయించారు. జాషువా చేత పంపుతున్నారు. "ఎవరు తాగకూడదు" అన్నది పైన పెట్టాను, "ఎలా కాచుకోవాలి" అన్నది కింద.

మళ్ళీ రండి. ఈసారి నేనే తలుపు తీస్తాను.

ఆశ

ఆత్రేయపురం దగ్గర నుంచి,
21 జనవరి 2025

ఆశకి దీవెనలు.

చీటీలు చేరాయి. ఒక్క అక్షర దోషం లేదు. నా దగ్గర చదివుంటే నూటికి నూరు వేసేదాన్ని. చీటీ అతికించిన ప్యాకెట్లు బంగార్రాజు కొట్టులో మళ్ళీ పెట్టాం. చీటీ చదివి నలుగురు వెనక్కి పెట్టేశారట, మిగతావాళ్ళు కొన్నారట. అలాగే ఉండాలి.

ఐజాక్ వచ్చాడు. పెరట్లో ఇద్దరం కాసేపు కూర్చున్నాం. వెళ్ళేటప్పుడు అక్కా వెళ్ళొస్తాను అన్నాడు. గేటు దాటాక మళ్ళీ తిరిగి చెయ్యూపాడు.

తణుకు మాత్రం ఇప్పుడు రాను. అలిగి కాదు. మీ అమ్మగారిది భయం. కూతురు ఒకసారి బిడ్డని పోగొట్టుకోవడం చూసిన తల్లి ఆవిడ. నేను గుమ్మంలో కనపడితే ఆ భయం మళ్ళీ లేస్తుంది, నీ మీద అరుస్తుంది, మీరిద్దరూ అన్నం మానేస్తారు. నీకు కావలసింది అన్నం. ఆవిడ ఇంట్లో ఉండి నిన్ను కంటికి రెప్పలా చూసుకుంటోంది కాబట్టే నేనిక్కడ ధైర్యంగా ఉన్నాను. నా పేరుతో ఆవిడతో పోట్లాడకు. రమ్మన్ననాడు వస్తాను. రమ్మనకపోయినా నీ బిడ్డకి నేను మేనత్తనే, అందులో మార్పేమీ ఉండదు.

బిడ్డ నిలుస్తుంది. నాకు నమ్మకం ఉంది.

బేబి

తణుకు,
5 జూన్ 2025

వదినకి వందనాలు.

ఆయన ఫోను చేసి అన్నయ్యగారికి చెప్పారు, ఆయన మీకు చెప్పే ఉంటారు. అయినా నా చేత్తో రాయాలనిపించింది. పాప పుట్టింది. సోమవారం పొద్దున్న. బరువు బాగుంది, ఏడుపు ఇంకా బాగుంది. నేనూ బాగున్నాను. మీ తమ్ముడు పాపని ఎత్తుకున్నప్పుడు మోచేతులు రెండూ బిగబట్టి బొమ్మలా నిలబడిపోయారు. నర్సు వచ్చి, "ఊపిరి తీసుకోండి సార్" అంది.

నిన్న ఇంటికి వచ్చాం. పాపకి నీళ్ళు పోయడానికి మా వీధి నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. అమ్మ నీళ్ళు కాచి, తువ్వాలు తీసి, అన్నీ సిద్ధం చేసి ఒక్క నిమిషం ఆగింది. తర్వాత ఆవిడతో, "ఇవాళ్టికి తడిగుడ్డతో తుడుద్దాం అండి. దీనికి మేనత్త ఉంది. ఆవిడ రాకుండా మొదటి నీళ్ళు మనం పొయ్యకూడదు" అంది. నేను మంచం మీద నుంచి విన్నాను. నేనేమీ అడగలేదు వదినా. నేను చెప్పమన్న మాట కాదు.

మధ్యాహ్నం నా పక్కన కూర్చుని ఈ కాగితమూ పెన్నూ తనే ఇచ్చింది. ఏం రాయమంటావంటే, "నేను రమ్మన్నానని రాయి. ఆ రోజు వరండాలో కూర్చోబెట్టానని మనసులో పెట్టుకోవద్దని రాయి. కాదులే, అది నేనే చెప్పుకుంటాను" అంది.

శనివారం ఆయన ఈ ఉత్తరం పట్టుకుని కారులో వస్తారు. పదిహేను రోజులుండేలా బట్టలు సర్దుకోండి. ఇప్పుడు అమ్మ పక్కగదిలో మీకు మంచం లాగి వేస్తోంది. ఆ చప్పుడుకి పాప లేచింది. ఇక ఆపుతాను.

మీ
ఆశ